కప్పబండి కేసు షీటు

మూడో తారీఖు

ఇనుముకి ప్రాణం పోసే మా బావమరిదికి, పశువులకి ప్రాణం నిలిపే బావ దీవెనలు.

మొన్న ఫోనులో మనిద్దరం అరుచుకున్నదంతా మీ అక్క వంటింట్లోంచి విన్నది. ఇక మీదట మనం ఏం మాట్లాడుకున్నా కాగితం మీదే మాట్లాడుకోవాలని, ఆ కాగితం తన చేతుల మీదుగానే పోస్టు డబ్బాలో పడాలని తీర్పు చెప్పింది. కాగితం మీద అరవడం కష్టం కాబట్టి ఇద్దరికీ బుద్ధి వస్తుందట. సరే, రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులే అయినా మొదటినుంచీ చెబుతాను, కేసు రాయడంలో అది నా పద్ధతి. సరస్సు మధ్య దిబ్బ మీద నలభై ఇళ్లు, రెండొందల ముప్ఫై ఆవులు, లెక్కకి నిలబడని మేకలు ఉన్నాయి. వాటన్నిటికీ డాక్టర్ని నేనొక్కణ్ణే. పడవ నడిపే పెద్దాయన మోకాళ్లు అరిగి మానేశాక నాకు దిబ్బ మీదికి దారి లేకుండా పోయింది. అప్పుడు నువ్వు, సర్వే వాళ్లు వాడి వదిలేసిన ఈ ఆరు చక్రాల బండిని బాగుచేసి, నేల మీదా పోతుంది, నీళ్ల మీదా పోతుంది అని లారీ ఎక్కించి పంపావు. ఇక్కడ అందరూ దాన్ని కప్ప అంటున్నారు.

వచ్చే నెల ఇరవయ్యో తారీఖున మా పై అధికారి తనిఖీకి వస్తున్నాడు. నేను కప్ప మీద దిబ్బకి క్షేమంగా వెళ్లి రాగలనని ఆయన కళ్లారా చూస్తే ఒడ్డున ఉన్న నా పశువుల ఆస్పత్రి ఉంటుంది. లేకపోతే దీన్ని మూసేసి నన్ను పట్నంలో ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్లుగా ఆవు డొక్క మీద చెయ్యి వేసి బతికినవాణ్ణి. ఫైళ్ల మీద చెయ్యి వేసి బతకడం నా వల్ల కాదు. నీకిది నవ్వులాటగా ఉండొచ్చు, నాకు కాదు.

ఇక రోగి వివరాలు. వయసు పన్నెండేళ్లు ఉండొచ్చు, నోరు లేదు కాబట్టి పళ్లు చూసి చెప్పే వీల్లేదు. ఆకలి బాగుంది, పెట్రోలు ఎంత పోసినా తాగుతోంది. ఉష్ణోగ్రత ఎక్కువ. నడక అర కిలోమీటరు దాకా హుషారుగా ఉండి, తరవాత ఆరు కాళ్లలోంచీ మూలుగు మొదలవుతుంది, ముఖ్యంగా వెనక కాళ్ల కీళ్ల దగ్గర. కీళ్ల వాతమని నా అనుమానం. మందు చెప్పు.

కాగితం మీద అరవని నీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కని. ఉష్ణోగ్రత ఎక్కువ అని రాశారు గాని ఎక్కడ చూశారో రాయలేదు. థర్మామీటరు పొగగొట్టంలో పెట్టారు. అది పగిలింది.

*

ఎనిమిదో తారీఖు

డాక్టరు బావగారికి, చేతులకున్న నూనె తుడుచుకుని మరీ రాస్తున్న బావమరిది నమస్కారాలు.

మీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. కూర్చుని చదవాల్సిందని మధ్యలో అర్థమైంది. బావగారూ, మీ మీద నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. అది బండి. దానికి వాతం రాదు, పైత్యం రాదు. చక్రాల ఇరుసులు తిరిగేచోట బేరింగులు ఉంటాయి, అవి ఎండిపోతే కిర్రుమంటాయి. అంతే జబ్బు.

ప్రతి చక్రం దగ్గరా, బండి లోపలి వైపున, చిన్న ఇత్తడి మొన ఒకటి కనబడుతుంది. బండితో పాటు పంపిన గ్రీజు గన్ను దానికి తగిలించి కొంచెం గ్రీజు పెట్టండి. నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ ఇలా పెట్టాలి. అర్ధగంట పని. దీనికి కేసు షీటు అవసరం లేదు.

మీ కుర్చీ భయం నాకు నవ్వులాట కాదు. మిమ్మల్ని కుర్చీలో ఊహించుకుంటే నాకే ఊపిరాడదు. తనిఖీ నాటికి బండి గుర్రంలా ఉంటుంది, పూచీ నాది.

మీ మాట జవదాటని బావమరిది

తా.క. పొగగొట్టంలో గాజు ముక్కలేమైనా ఉన్నాయేమో చూసి తీసేయండి. అది మీరనుకుంటున్న భాగం కాదు.

*

పన్నెండో తారీఖు

అనుభవజ్ఞుడైన బావమరిదికి, అంతకంటే అనుభవజ్ఞుడైన బావ దీవెనలు.

నువ్వు "కొంచెం" పెట్టమన్నావు. మా వైద్యశాస్త్రంలో "కొంచెం" అనే మోతాదు లేదు. కొంచెం అంటే కోడిపిల్లకి ఎంత, ఎద్దుకి ఎంత? అందుకని పద్ధతి ప్రకారం వెళ్లాను. రోగి బరువు నాలుగొందల యాభై కిలోలని నువ్వే చెప్పావు. పైపూత మందు కాదు, లోపలికి ఎక్కించేది కాబట్టి కిలో బరువుకి నాలుగు గ్రాముల చొప్పున లెక్కవేస్తే కిలో ఎనిమిది వందల గ్రాములు వచ్చింది. జబ్బు పాతది కాబట్టి రోజుకి ఒకసారి వంతున మూడు రోజుల కోర్సు రాశాను.

మొదటి రోజుకే మూలుగు పోయింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవాళ్లు. గుణం కనిపించింది కదా అని కోర్సు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని నేను రైతులకి ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను. నేనే ఆపితే ఎలా? మూడు రోజులూ పూర్తి చేశాను. గన్ను నొక్కీ నొక్కీ నా చెయ్యి వాచింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. రోగి స్పృహలో ఉంది. ఇంజను గట్టిగా అరుస్తోంది. కానీ ఆరు కాళ్లూ పడిపోయాయి, అంగుళం కదలడం లేదు. నీ మందు వికటించిందని నేను అనను. కాని వేరే ఎవరైనా అయితే అంటారు. వెంటనే విరుగుడు రాయి, తనిఖీ దగ్గరపడుతోంది.

వాచిన చేత్తో, నీ బావ

తా.క. తమ్ముడూ, అయిదు డబ్బాలు అయ్యాయి. ఆరోది నేను నీళ్ల ట్యాంకు వెనక దాచాను. షెడ్డులో మొదట నేను జారాను, తరవాత పోస్టుమాన్ జారాడు, నిన్న పొద్దున చూస్తే బండి కూడా దానంతటదే గోడ దాకా జారి ఉంది. అది కదల్లేదని ఆయన రాసింది పూర్తిగా నిజం కాదు.

*

పదిహేడో తారీఖు

గౌరవనీయులైన బావగారికి, అయిదు డబ్బాల సంగతి విని ఇంకా తేరుకోని బావమరిది వందనాలు.

ఆ గ్రీజుతో నేను ఇక్కడ ఏడాది పాటు షాపు నడుపుతాను. ఒక్కో మొన దగ్గర గన్ను రెండుసార్లు నొక్కితే సరిపోయేది. పోనీలెండి, తప్పు జరిగిపోయింది.

జరిగింది ఏమిటంటే, ఇంజను బలాన్ని చక్రాలకి చేరవేసేది ఒక రబ్బరు బెల్టు. మీరు ఎక్కించిన గ్రీజు పట్టే చోటు లేక బండి పొట్టలోకి వచ్చి, ఎగిరి ఆ బెల్టుకి అంటుకుంది. బెల్టు జారిపోతుంటే చక్రాలు ఎలా తిరుగుతాయి? కాళ్లేం పడిపోలేదు. సీటు కింద మూత తీసి, బెల్టునీ దాని రెండు పక్కల కప్పీలనీ స్పిరిటు గుడ్డతో తుడవండి. పొట్టలో చేరిన గ్రీజు కడిగేయడానికి బండి అడుగున వెనకవైపు రెండు బిరడాలు ఉంటాయి. అవి విప్పి, సబ్బునీళ్లు కొట్టి, మురికి అంతా పోనివ్వండి. అంత గ్రీజు తోసుకొచ్చింది కాబట్టి ఇరుసుల దగ్గర నీటిని ఆపే రబ్బరు సీళ్లు కూడా ఊడి ఉంటాయి. కొత్తవి వెతుకుతాను.

ఇంకో సంగతి. ఈ టైర్లలో గాలి చాలా తక్కువ ఉండాలి. బొటనవేలితో నొక్కితే వేలు దిగాలి. ఆరింటిలోనూ ఒకేలా ఉండాలి. ఏదైనా గట్టిగా ఉంటే గాలి తీసేయండి.

ఆదుర్దాగా, మీ బావమరిది

తా.క. ఇది అక్కకి. అక్కా, గ్రీజు గన్ను బీరువాలో పెట్టి తాళం వేయి. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

*

ఇరవై ఒకటో తారీఖు

బీరువాకి తాళం వేయించిన బావమరిదికి, ఇంట్లో పరువు పోయిన బావ ఆశీస్సులు.

స్పిరిటు పనిచేసింది. ఆపరేషన్లకి వాడే స్పిరిటుతోనే తుడిచాను, మా ఇంట్లో అంతకంటే శుభ్రమైనది లేదు. పక్షవాతం అరగంటలో నయమైంది. అడుగు బిరడాలు ఇంకా విప్పలేదు, రేపు చూస్తాను. ఇందులో నీ గొప్ప ఎంతో, స్పిరిటు గొప్ప ఎంతో చర్చించుకోవడానికి ఇది సమయం కాదు.

తరవాత నువ్వు చెప్పినట్టే టైర్లు నొక్కి చూశాను. కుడివైపు మూడూ మామూలుగానే ఉన్నాయి. ఎడమవైపు మధ్యది మాత్రం రాయిలా ఉంది. వేలితో కొట్టి చూస్తే డప్పులా మోగింది. ఎడమ డొక్క ఉబ్బి, కొడితే డప్పులా మోగితే అది ఏం జబ్బో మొదటి ఏడాది విద్యార్థి కూడా చెబుతాడు. గాలి తీసేయమని నువ్వే రాశావు. ఉబ్బరానికి గాలి తీసే గొట్టం సూది నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఒక్క పోటు. గాలి చక్కగా వచ్చింది. రోగి ఉలక్కుండా పలక్కుండా నిలబడింది.

ఆ ధైర్యంతో కప్పని నీళ్లలోకి దించాను. ఇక్కడినుంచే అసలు కథ. కుడి చక్రాలు తెడ్డు వేసినట్టు నీళ్లు తోస్తున్నాయి, ఎడమవి సగం బద్ధకంగా ఉన్నాయి, బండి ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. కుడి చక్రాల మీట లాగాను, ఎడమ చక్రాల మీట వదిలాను, రెండూ లాగాను. తిరుగుతూనే ఉంది. దిబ్బ మీద జనం ఒడ్డుకి వచ్చి నిలబడి చప్పట్లు కొట్టారు, తనిఖీ కోసం ఏదో విన్యాసం సాధన చేస్తున్నాననుకున్నారట. గొర్రెలకి మెదడులో పురుగు చేరితే ఇలాగే ఒకే వైపు తిరుగుతాయి. దానికి మందు లేదు, గొర్రె దక్కదు. ఇది కూడా అదే అయితే ఇప్పుడే చెప్పు.

ఒక సందేహం ఉంది. బావమరిదివని మొహమాటపడి ఇన్నాళ్లూ అడగలేదు. ఈ బండిని నువ్వు ఎప్పుడైనా నీళ్లలో నడిపావా?

ఇంకా తల తిరుగుతున్న నీ బావ

తా.క. తమ్ముడూ, నూట పదకొండు చుట్లు. నేను బట్టలు ఆరేస్తూ లెక్కపెట్టాను. పెట్రోలు అయిపోయాక గాలే ఒడ్డుకి తోసింది.

*

ఇరవై ఆరో తారీఖు

బావగారికి బావమరిది.

పైన ఇంకేదైనా రాద్దామనుకున్నాను, కలం కదల్లేదు.

గాలి తీసేయమంటే, టైరుకి ఒక చిన్న మూత ఉంటుంది, అది తిప్పి, లోపలి పిన్ను నొక్కాలి. ప్రపంచంలో టైరుకి గాలి తీసేవాళ్లందరూ అలాగే తీస్తారు. మీరు కన్నం పెట్టారు. ఒక పక్క టైరు చప్పబడితే బండి ఆ పక్కకే తిరుగుతుంది, మనిషి అయినా కుంటికాలు వైపే ఒరుగుతాడు. నేను పదేళ్ల నుంచి షాపు నడుపుతున్నాను. లారీలు తోలేవాళ్లు, పొలం ట్రాక్టర్లవాళ్లు, తాగి గోడకి గుద్దేసినవాళ్లు వచ్చారు. గొట్టం సూదితో టైరుకి వైద్యం చేసినవాళ్లు రాలేదు.

పార్సిలులో అతుకు ముక్కలు, జిగురు, చేతిపంపు, తక్కువ గాలి కొలిచే మీటరు, దొరికినన్ని సీళ్లు పంపుతున్నాను. అతికించండి, ఆరింటిలో సమంగా గాలి కొట్టండి, సీళ్లు మార్చండి. దయచేసి ఇంకేమీ చేయకండి.

నీళ్లలో నడిపావా అని అడిగారు. నా పరీక్షలు నాకున్నాయి. మీరు ఆవుకి మందు రాసేముందు మీరు తాగి చూస్తారా?

ఉంటాను.

తా.క. బండికి మెదడు జబ్బు రాదు. దానికి మెదడు లేదు. నడిపేవాళ్లకి ఉంటుంది కదా అని తయారుచేసినవాళ్లు ధీమాగా ఉండిపోయారు.

*

నాలుగో తారీఖు

శ్రీయుత మెకానిక్ గారికి, పశువుల డాక్టరు వ్రాయునది.

తమరి పార్సిలు అందింది. తమరి తాజా కలం కూడా అందింది.

టైరుకి అతుకు నేనే వేశాను. అంచులు గీరి, శుభ్రం చేసి, ఆవు చర్మానికి వేసినంత శ్రద్ధగా వేశాను, తమరి షాపులో అలాంటి పని ఎవరూ చేయలేరు. సీళ్లు ఆరింటికి నాలుగే వచ్చాయి, నాలుగూ మార్చాను. గాలి మీటరు పెట్టి కొట్టాను. బండి నేల మీద సూటిగా పోయింది. నీళ్లలో కూడా నలభై గజాలు సూటిగానే పోయింది. ఆ తరవాత సూటిగా కిందికి పోయింది.

కారణం తమరు అడగకముందే చెబుతున్నాను. అడుగున రెండు బిరడాలు విప్పి మురికి పోనివ్వమన్నారు. విప్పాను. మురికి కారడం మొదలైంది, రోజూ కాస్త కాస్త కారుతూనే ఉంది. చీము కారుతున్న గాయాన్ని మూసేయడం మా వృత్తిలో మహాపాపం. పూర్తిగా ఆరేదాకా తెరిచే ఉంచాలి. ఉంచాను. మళ్లీ ఎప్పుడు మూయాలో తమరి ఉత్తరంలో ఎక్కడా లేదు, నాలుగుసార్లు వెతికాను.

లోతు నడుము దాకానే కాబట్టి బతికాను. ఒడ్డున ఉన్న రైతు జత ఎడ్లని కట్టి బండిని లాగించాడు. ఆ ఎడ్లకి పోయిన నెల డెక్కలు బాగుచేసింది నేనే. అవి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను.

ఇక చాలు బావమరిదీ. తమరు గిమరు అని రాయడానికి కూడా ఓపిక లేదు. పదహారు రోజులుంది, నా వల్ల కాదు. తనిఖీ అక్కర్లేదు, ఆస్పత్రి మూసేయండి, కుర్చీకి వస్తున్నాను అని అధికారికి ఉత్తరం రాసేశాను. లారీ పంపితే బండి ఎక్కిస్తాను. నిన్న సాయంత్రం దిబ్బ వైపు చూస్తూ కూర్చున్నాను. అక్కడ ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో నా నాలుక చివర ఉంటుంది. రేపటినుంచి అది ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. నాకు చాలా దిగులుగా ఉంది.

నీ బావ

తా.క. తమ్ముడూ, రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, నాతో తగాదా కూడా పెట్టుకోవడం లేదు. అధికారికి రాసిన ఉత్తరం పోస్టు చేయమని నాకే ఇచ్చారు. మన ఇంట్లో ఉత్తరాలు పోస్టు చేసేది ఎవరో ఆయన మరిచిపోయినట్టున్నారు. అది నా దగ్గరే ఉంది. నీ దగ్గర ఏదైనా మంచి మాట ఉంటే త్వరగా రాయి.

*

తొమ్మిదో తారీఖు

మా బావగారికి, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని రాస్తున్న బావమరిది నమస్కారాలు.

షాపు ముందు తలుపు సగం దించి, గిరాకీ వస్తే రేపు రమ్మని, బల్ల మీద కాగితం పెట్టుకున్నాను. మీ ఉత్తరాలన్నీ వరసగా మళ్లీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీరు నా బండిని పాడుచేస్తున్నారనిపించింది. ఇవాళ చదివితే, నేను చెప్పింది చెప్పినట్టు మీరు చేశారనిపించింది. చెప్పడమే నాకు చేతకాలేదు. "కొంచెం" అన్నాను. నా చేతికి కొంచెం అంటే ఎంతో తెలుసు, మీ చేతికి ఎలా తెలుస్తుంది? విప్పమన్నాను, పెట్టమనలేదు. పనివాళ్లతో మాట్లాడినట్టు మీతో మాట్లాడాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నాకు నీళ్లంటే భయం. మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఈ బండిని షాపు వెనక బురదలో తిప్పి, పొట్టలో నీళ్లు పోసి బయటికి కారడం లేదని చూసుకుని, మీకు పంపేశాను. దీన్ని నీళ్లలో నడిపినవాళ్లు మన ఇంట్లో మీరొక్కరే. నూట పదకొండు చుట్లు తిరిగి కూడా మళ్లీ దిగారు. నేనైతే ఒక్క చుట్టుకే ఊరు వదిలిపోయేవాణ్ణి.

నేనే వచ్చి బాగుచేయొచ్చు. కానీ నేను తిరుగు బస్సు ఎక్కిన మర్నాడు మళ్లీ అది మీ చేతిలోనే ఉంటుంది. అందుకని చీటీ రాస్తున్నాను, మీ భాషలో.

రోగిని నీళ్లలోకి దించేముందు అడుగున బిరడాలు లెక్కపెట్టండి. కడుపు కోసి కుట్టేముందు దూది ముక్కలు లెక్కపెట్టుకుంటారు కదా, అలాగే. రెండు ఉండాలి, పైకి అని మరీ లెక్కపెట్టండి. ఒకటిన్నర లెక్క వస్తే దించకండి. గడ్డ మీదికి వచ్చాక విప్పండి, ఓ పావుగంట కారనివ్వండి, కారినా కారకపోయినా మూసేయండి. ఇది గాయం కాదు, పుట్టుకతో ఉన్న రంధ్రం. గ్రీజు, మొనకి రెండు నొక్కులు, నీళ్లలో దిగిన రోజునే. కోర్సు లేదు, బరువుతో పని లేదు. బెల్టుకి తడి తగిలితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. కంగారుపడకుండా ఆపి, గుడ్డతో తుడిచి, కాసేపు ఇంజను ఊరికే తిరగనివ్వండి, అదే ఆరుతుంది.

సీళ్లు రెండు దొరకలేదు కాబట్టి నీళ్లు కాస్త లోపలికి వస్తాయి. కాస్త అంటే గంటకి రెండు బకెట్లు. అడుగున ఉన్న చిన్న కరెంటు పంపు తోడేస్తుంది. అది ఆగిపోతే దాని మూతికి నాచు పట్టిందన్నమాట. అప్పుడే పుట్టిన దూడ ఊపిరి తీయకపోతే ముందు ఏం చేస్తారు? ముక్కులో వేలు పెట్టి జిగురు తీస్తారు. ఇక్కడా అంతే.

లారీ పంపను. మీరు చేయగలరు.

మీ బావమరిది

తా.క. మెదడు గురించి రాసిన తాజా కలం వెనక్కి తీసుకుంటున్నాను. అక్కా, దాన్ని కత్తిరించి పొయ్యిలో వేసేయి.

*

పదో తారీఖు

మంచి డాక్టరు కాగల లక్షణాలున్న మా బావమరిదికి, బావ దీవెనలు.

తనిఖీ అయి ఇరవై రోజులైంది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటావా, ఏం రాయాలో మాకే తేలలేదు. ఇవాళ తేలింది. పద్ధతి ప్రకారం మొదటినుంచీ చెబుతాను. ఆ రోజు పొద్దున గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. ఉత్తరపు గాలి రెండు రకాలు.

తమ్ముడూ, నేను అక్కని. ఆయన గాలి దగ్గర ఉండగానే దిబ్బ మీద ఎర్ర గుడ్డ ఎగరేశారు, అంటే డాక్టరు కావాలని. కలం ఇక్కడే పడేసి వెళ్లారు. వచ్చేదాకా ఆగితే గాలే రెండు పేజీలు అవుతుంది. నేను చెబుతాను.

అధికారి గారు ఇస్త్రీ మడత నలగని ప్యాంటుతో, తళతళలాడే బూట్లతో, చంకలో ఫైలుతో వచ్చారు. మీ బావ నీ చీటీ జేబులో పెట్టుకుని, బండి కిందికి దూరి, ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టారు. అధికారి గారు అది కూడా ఫైలులో రాసుకున్నారు. అన్నాళ్లూ నేను ఆ బండి ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను గాని, మీ బావ మొహం చూశాక, ఆయన్నీ అధికారి గారినీ ఇద్దరినే పంపబుద్ధి కాక నేనూ ఎక్కేశాను.

సగం దూరం బాగానే పోయాం. అక్కడ పంపు ఆగింది. నీళ్లు నా చీలమండల దాకా వచ్చాయి. మీ బావ గొట్టం సూది ఉన్న సంచి వైపు చెయ్యి చాపితే నేను దాన్ని లాక్కోబోయాను. కానీ ఆయనే చెయ్యి వెనక్కి తీసుకుని, నీ చీటీ తీసి చదివి, నీళ్లలో మోచెయ్యి దాకా పెట్టి, పిడికెడు నాచు లాగారు. ఈలోగా అధికారి గారు బూటు విప్పి దాంతో నీళ్లు తోడుతున్నారు. పంపు మళ్లీ మొదలయ్యాక కూడా ఆయన తోడుతూనే ఉన్నారు. నేను వద్దన్నా ఆపలేదు. చూస్తే ఆ మనిషి నవ్వుతున్నారు.

దిబ్బ మీదికి చేరేసరికి ఒక ఆవు పొద్దుటినుంచి ఈనలేక పడుకుని ఉంది. దూడ ముందుకాలు లోపల మడతపడిందట. మీ బావకి గంటసేపు మీటలు బిగించి పట్టుకుని వేళ్లు కొయ్యబారిపోయాయి, పిడికిలి తెరుచుకోవడం లేదు. అధికారి గారిని చెయ్యి పెట్టమన్నారు. ఆయన తెల్లబోయి, తను కూడా ఇదే చదువు చదివినా, పద్దెనిమిదేళ్లుగా కుర్చీ దిగలేదనీ, ఏ పశువునీ ముట్టుకోలేదనీ అన్నారు.

"ఆవుకి ఆ సంగతి తెలియదు సార్, పెట్టండి" అన్నారు మీ బావ.

పెట్టారు. మీ బావ పక్కన మోకరించి, ఎటు తిప్పాలో చెబుతూ ఉన్నారు. దూడ బతికింది, ఆవు బతికింది. అధికారి గారు ఆ ప్యాంటుతోనే బురదలో కూర్చుండిపోయి, దూడ లేచి నిలబడేదాకా కదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఫైలులో ఏదో రాసుకుంటూనే ఉన్నారు. మాకు భయం వేసింది.

ఇవాళ పొద్దున పది గంటలకి ఆయనే స్వయంగా వచ్చారు, ఒక ట్రంకు పెట్టెతో, పరుపు చుట్టతో. చేతిలో ఉత్తర్వు. మొదటి వరస, దిబ్బ ఆస్పత్రి కొనసాగును. మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు. రెండో వరస, అక్కడి డాక్టరుగా ప్రస్తుత అధికారి, తన సొంత కోరిక మీద, హోదా తగ్గించుకుని చేరుదురు. మూడో వరస, ఖాళీ అయిన అధికారి కుర్చీకి, సీనియారిటీ ప్రకారం, మీ బావ.

తమ్ముడూ, మీ బావ అది మూడుసార్లు చదివి, కాగితం మడిచి, వెళ్లి కప్ప సీటు మీద కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. అంత కష్టపడి బాగుచేసుకున్న బండి ఆయన్ని బయటికి పంపేసింది. అధికారి గారికి అప్పుడు గాని అర్థం కాలేదు. ఆయన మీ బావకి మేలు చేశాననుకున్నారట. పైకి పోవడం ఇష్టం లేనివాడు లోకంలో తనొక్కడే అనుకున్నారట, తన సంగతి కూడా ఆ రోజు బురదలో కూర్చున్నాకే తెలిసిందట. కాసేపు గడ్డం గోక్కుని, మీ బావ దగ్గరికి వెళ్లారు.

"ఈ పది గంటల నుంచి మీరు నా పై అధికారి" అన్నారు. "రూల్సన్నీ నాకు కంఠతా వచ్చు. నేను చెబుతాను, మీరు సంతకం పెట్టండి."

కప్ప ముందుమూత మీదే కాగితాలు పరిచారు. మొదటి ఉత్తర్వు, రెండొందల ముప్ఫై ఆవులకి ఒక్క డాక్టరు చాలడు కాబట్టి రెండో డాక్టరు మంజూరు. రెండోది, ఆ రెండో డాక్టరుగా పోవడానికి మీ బావ పెట్టుకున్న అర్జీ. మూడోది, ఆ అర్జీని పై అధికారి హోదాలో మీ బావే ఆమోదించడం. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. మీ బావ జీవితంలో అధికారం చెలాయించింది ఆ నాలుగు నిమిషాలే. సీనియారిటీలో మీ బావ తరవాత ఉన్నాయనకి కుర్చీ అంటే ప్రాణమట, ఇద్దరూ కలిసి ఆయనకి శుభాకాంక్షలు రాసి నాకు పోస్టుకి ఇచ్చారు. ఈ ఉత్తరం మాత్రం నిజంగానే పోస్టు చేస్తాను.

ఇప్పుడు ఎర్ర గుడ్డ చూసి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఒడ్డు దాకా వినపడేలా ఇద్దరూ లెక్కపెట్టారు. మీ బావ మూడు వారాల తరవాత ఇవాళే రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నారు. నీకు చాలా రుణపడ్డాం అని రాయమన్నారు, నేనైతే అంత అనను గాని, మంచి పని చేశావు.

నీ అక్క

తా.క. ఇద్దరు డాక్టర్లకి ఒక్క బండి చాలదు, ఇంకోటి చూడు. బాగా పాతదే చూడు. కొత్తది పంపావంటే వీళ్లిద్దరికీ చేయడానికి ఏమీ లేక మళ్లీ కుర్చీల్లో కూర్చుంటారు.